కడప నుంచి ఎర్రగుంట్లకి రోజూ బండి మీద పోవచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది, ఇల్లు కడప చిన్నచౌకులో, మూడు షిఫ్టుల డ్యూటీ, పోను రాను దాదాపు 80 కిలోమీటర్లు. 125 సీసీ బండి తీసుకోవాలా 160 తీసుకోవాలా, నెలకి ఎంతవుతుంది, ఏ రంగు బాగుంటుంది అని అడిగావు. చివర్లో ఒక్క ముక్క రాశావు, అమ్మ వద్దంటోంది అని.

నేను ఆ దారిలోనే 17 ఏళ్ళు తిరిగాను. అక్కడే ఒక ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుగా చేశాను. మూడు బళ్ళు అరగదీశాను, ఒక కాలర్‌బోన్ విరగ్గొట్టుకున్నాను. నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది: ఏ షిఫ్టుకి బండి తియ్యాలి, ఏ షిఫ్టుకి తియ్యకూడదు? ముందు దానికి జవాబు చెప్పి, తర్వాత బండి దగ్గరికి వస్తా.

'ఏ' షిఫ్టు అంటే పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2, బీ అంటే 2 నుంచి రాత్రి 10, సీ అంటే 10 నుంచి మళ్ళీ పొద్దున 6. నీదీ కాస్త అటూ ఇటూ అంతే ఉంటుంది. కొత్తవాళ్ళందరూ సీ షిఫ్టుకి పోయేటప్పుడు రాత్రి ప్రయాణం కదా అని భయపడతారు. పోయేటప్పుడు పెద్దగా ఏం కాదు. సాయంత్రం ఒక నిద్ర తీసి, అన్నం తిని, 8:30కి బయలుదేరతావు. ఒళ్ళు మెలకువగానే ఉంటుంది. తంటా అంతా మరుసటి పొద్దున 6:15కి గేటు బయటికి వచ్చినప్పుడు. తెల్లారిపోయింది, రోడ్డు ఖాళీగా ఉంది, చల్లగాలి వస్తోంది, ఇంక ఇంటికే కదా అని మనసు బరువు దించేసుకుంటుంది. ఆ చల్లగాలే జోకొడుతుంది.

నాకు బాగా గుర్తు, ఒక జనవరి నెల. వరసగా నాలుగో సీ షిఫ్టు. కమలాపురం ఊరు వచ్చింది, పాపాఘ్ని వంతెన దాటాను. అంతవరకు తెలుసు. ఆ తర్వాత తెలిసింది టైరు కింద కంకర చప్పుడే. కళ్ళు తెరిచే ఉన్నాయేమో కూడా చెప్పలేను. బండి తారు దిగి మట్టి అంచున పోతోంది, ఎదురుగా వేపచెట్టు. నేను బ్రేకు గట్టిగా పట్టలేదు, ఊరికే యాక్సిలేటర్ వదిలేశాను. అది నా తెలివి అనుకోకు, చేతులకి ఇంకా నిద్ర వదల్లేదు, అంతే. గట్టిగా పట్టి ఉంటే ఆ కంకర మీద ముందు చక్రం జారేది. బండి ఆగాక చూస్తే చెట్టుకీ చక్రానికీ మధ్య రెండు మూరల జాగా ఉంది. అక్కడే చెట్టు కింద కూర్చున్నాను. గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన నన్ను చూసి, బండి చూసి, ఏమీ అడక్కుండా తన నీళ్ళ సీసా ఇచ్చి పోయాడు.

దీనికి తోడు ఎండ. ఎర్రగుంట్ల నుంచి కడపకి దారి ఆగ్నేయంగా వస్తుంది. చలికాలంలో సూర్యుడు పొడిచేది కూడా ఇంచుమించు ఆ మూలనే. అంటే నువ్వు కమలాపురం దాటేసరికి ఎండ సరిగ్గా కళ్ళల్లో పడుతుంది. రాత్రంతా మేలుకున్న కళ్ళు మూసుకోవడానికి సాకు కోసమే చూస్తుంటాయి.

అందుకే నా మాట: సీ షిఫ్టు వారం బండి ఇంట్లో పెట్టు. ఆ దారిలో ఆర్టీసీ బస్సులు తిరుగుతాయి, రైలు మార్గం కూడా కమలాపురం మీదుగానే. నీ టైముకి ఏది కుదురుతుందో చేరిన మొదటి వారమే కనుక్కో. కుదరకపోతే నలుగురు కలిసి ఎర్రగుంట్లలో ఒక గది తీసుకోండి, సీ షిఫ్టు వారం అక్కడే పడుకోవడానికి. నేను ఈ పని ఆరేళ్ళు ఆలస్యంగా చేశాను, అద్దె డబ్బులు దండగ అనుకుని.

తప్పనిసరిగా బండి మీదే రావాల్సిన రోజు ఉంటుంది. ఆ రోజు గేటు దాటకముందే క్యాంటీన్‌లో ఒక టీ తాగి, రెస్ట్ రూములో బల్ల మీద 20 నిమిషాలు పడుకో. టీ తాగితే నిద్ర పట్టదు అంటారు కానీ, టీ ఒంటికి ఎక్కడానికి ఆ మాత్రం టైము పడుతుంది. లేచేసరికి కునుకూ అయి ఉంటుంది, టీ కూడా పనిచేస్తుంటుంది. ఫోన్‌లో అలారం పెట్టుకో, లేకపోతే 'ఏ' షిఫ్టు వాళ్ళు వచ్చి లేపుతారు. నాకు అదీ జరిగింది.

ఇంక మిగతా రెండు షిఫ్టుల సంగతి.

కడప నుంచి ఎర్రగుంట్లకి 40 కిలోమీటర్లు అనుకుందాం. సరాసరి 50 స్పీడులో పోతే 48 నిమిషాలు. 65లో పోతే 37 నిమిషాలు. మిగిలేది 11 నిమిషాలు, అదీ కాగితం మీద. ఊళ్ళు, స్పీడ్ బ్రేకర్లు, కమలాపురం బజారు, ముందు పోయే లారీలు అన్నీ కలిసి అందులో సగం తినేస్తాయి. ఆ ఐదారు నిమిషాల కోసం మనం ఓవర్‌టేక్ చేసే లారీలు ఎన్నో ఒక రోజు లెక్కపెట్టాను, పోయేటప్పుడే 14. పంచింగ్ మిషన్ టెన్షన్ అది. 'ఏ' షిఫ్టుకి పొద్దున 4:45కి బండి స్టార్ట్ అవ్వాలి. 5:10కి లేచి పరుగెత్తే అలవాటు ఒకసారి పడితే ఏ బండీ నిన్ను ఆపలేదు. లేటయిపోయిన రోజు సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి అరగంట లేటు అని చెప్పు. తిడతాడు, అంతే. మా ఫ్యాక్టరీలో అయితే నెలలో రెండుసార్లు లేటుకి ఏమీ కోసేవాళ్ళు కాదు. ఆ రూలు నాకు మూడేళ్ళకి గానీ తెలియలేదు, ఎందుకంటే ఎప్పుడూ అడగలేదు. నువ్వు చేరిన రోజే అడుగు.

బీ షిఫ్టు వదిలాక రాత్రి 10:15 ప్రయాణం. నా కాలర్‌బోన్ అక్కడ పోయింది. కోతల రోజుల్లో మన రోడ్లు సగం కల్లాలే, నీకు తెలియంది కాదు. తారు మీద గింజలు ఆరబోసి, బళ్ళు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. సాయంత్రం గింజలు ఎత్తుకుపోతారు, రాళ్ళు అక్కడే ఉంటాయి. ఆ రాత్రి ఎదురుగా ఒక లారీ, హై బీమ్. నేను 60లో ఉన్నా. లారీ దాటిన వెంటనే కళ్ళకి అంతా నలుపు. ఆ నలుపులో తలకాయంత రాయి. ముందు చక్రం దాని మీద ఎక్కింది, నేను భుజం మీద పడ్డాను. హెల్మెట్ ఎడమ వైపు గీసుకుపోయింది, లోపలి తల బాగానే ఉంది.

తర్వాత ఆరు వారాలు ఇంట్లో కూర్చుని ఈ లెక్క వేశాను. 60 స్పీడు అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. ఏదో ఉందని చూసి చెయ్యి బ్రేకు మీద పడటానికి ఒక సెకను వేసుకో, 17 మీటర్లు అప్పటికే అయిపోయాయి. ఆ తర్వాత మంచి రోడ్డు మీద, మంచి టైరుతో ఆగడానికి ఇంకో 23, 24 మీటర్లు. మొత్తం 40 మీటర్లు. మామూలు బండి లో బీమ్‌లో నల్లటి రాయి అంత దూరం నుంచి కనపడదు. అదే 50లో అయితే మొత్తం 30 మీటర్లలో ఆగుతుంది. 70లో అయితే 50 మీటర్లు దాటుతుంది. రాత్రి 50 అనే అంకె నేను భయపడి పెట్టుకున్నది కాదు, లైటు వేసే వెలుగు కొలిచి పెట్టుకున్నది. ఇంకొకటి, ఎదురు లైటు పడినప్పుడు లైటు వైపు చూడకు. రోడ్డు ఎడమ అంచున ఉండే తెల్లగీత చూస్తూ, స్పీడు తగ్గించి పోనీ. గీత లేనిచోట తారు అంచు చూడు.

ట్రాక్టర్ ట్రాలీలకి వెనక లైట్లు ఉంటాయని ఎప్పుడూ అనుకోకు. గడ్డి వేసుకున్న ట్రాలీ రోడ్డు పక్కన ఆగి ఉంటే చీకట్లో అది గోడ.

ఇప్పుడు నా సబ్జెక్టుకి వస్తా. ఎర్రగుంట్ల, ముద్దనూరు చుట్టుపక్కల రోడ్ల మీద మూడు రకాల పొడి ఉంటుంది: సిమెంటు, నాపరాయి పాలిష్ పొడి, బూడిద. ఆర్టీపీపీలో, అంటే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో, బొగ్గు కాల్చగా వచ్చే బూడిద, ఫ్లై యాష్, సిమెంటు ఫ్యాక్టరీలకి వస్తుంది. పీపీసీ, అంటే పోర్ట్‌లాండ్ పొజోలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా దాన్నే కలుపుతాం. ల్యాబులో మైక్రోస్కోప్ కింద ఎప్పుడైనా చూడు. సిమెంటు రేణువు పగిలిన రాయిలా కోసుగా ఉంటుంది. ఫ్లై యాష్ రేణువు గాజు గోళీలా గుండ్రంగా ఉంటుంది. కాంక్రీటు సులువుగా జారి పరుచుకోవడానికి ఆ గుండ్రదనం మాకు బాగా పనికొస్తుంది. అదే గుండ్రదనం మలుపులో నీ టైరు కింద ఉంటే ఏమవుతుందో ఊహించుకో. టార్పాలిన్ సరిగ్గా కట్టని టిప్పర్ ఒకటి పోతే చాలు, మలుపు మొత్తం గోళీలు చల్లినట్టే.

నాపరాయి పాలిష్ పొడి ఎండలో ఏమీ చెయ్యదు. నాలుగు చినుకులు పడితే మాత్రం సబ్బు. పెద్దవాన అయితే కడిగేస్తుంది, పరవాలేదు. తుంపర మొదలైన మొదటి అరగంట చెడ్డది. ఆ టైములో బండి ఆపి టీ కొట్టు చూసుకోవడం నా పద్ధతి. ఆగే వీలు లేకపోతే 30లో, రెండు బ్రేకులూ మెల్లగా వాడుతూ, లారీల చక్రాలు తిరిగి శుభ్రమైన గాడిలో పో. రోడ్డు మధ్యన నూనె కారిన నల్లచార మీద పోవద్దు. రోడ్డు అంచున తెల్లటి పొడి మేట వేసి కనపడితే అటు అసలే దిగకు.

నాపరాళ్ళ లారీ వెనక ఎప్పుడూ ఉండకు. బండలు నిలబెట్టి పేర్చుకుపోతారు, గతుకు దగ్గర ఒక ముక్క జారినా అది కత్తే. బూడిద తోలే పెద్ద ట్యాంకు లారీని, అదే బల్కర్‌ని, దాటేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. పక్కకి రాగానే బండిని తనవైపు లాక్కున్నట్టు ఉంటుంది, ముందుకు పోయి దాని మొహం దాటగానే ఎదురుగాలి ఒక్కసారి పక్కకి తోస్తుంది. ఆషాఢం గాలుల్లో ఇది రెండింతలు. హ్యాండిల్ బిగబట్టకు, మోకాళ్ళతో ట్యాంకు పట్టుకుని చేతులు వదులుగా ఉంచు. డ్రైవర్ అద్దంలో అతని మొహం నీకు కనపడితేనే నువ్వు అతనికి కనపడతావు. కనపడకపోతే హారన్ కొట్టి ఆగు, దాటకు.

బండి. నెలకి 25 రోజులు వేసుకుంటే 2,000 కిలోమీటర్లు. సీ షిఫ్టు వారం బస్సు అంటే 1,500 లోపే. మన దారిలో 125 సీసీ లీటరుకి 55, 160 అయితే 45 వేసుకో. షోరూమ్ వాళ్ళు చెప్పే అంకెలు షోరూమ్‌లోనే ఉంటాయి. పెట్రోలు లీటరు 110 రూపాయల లెక్కన 125కి నెలకి 3,000, 160కి 3,700 దగ్గర అవుతుంది. తేడా 700. నెల మొత్తం తిరిగితే తేడా 900. డబ్బు లెక్కలో 125 గెలుస్తుంది, అందులో అనుమానం లేదు. స్పీడు కోసం కూడా 160 అక్కర్లేదు, 50లో పోయేవాడికి ఎందుకు?

అయినా నేను ఏబీఎస్ ఉన్న 160 వైపే మొగ్గుతా. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్ళకి ఏబీఎస్, అంతవరకు ఉన్నవాటికి కాంబీ బ్రేకు లేదా ఏబీఎస్ తప్పనిసరి చేశారు. కాంబీ బ్రేకు అంటే వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కాస్త పడుతుంది. మంచిదే. కానీ రాయి కనపడిన ఆ క్షణంలో భయానికి చెయ్యి బిగుసుకుంటుంది, చక్రం లాక్ అవుతుంది. అప్పుడు చక్రాన్ని వదిలి పట్టి వదిలి పట్టి తిరగనిచ్చేది ఏబీఎస్. నీకు బదులు అది ఆలోచిస్తుంది. ఒక సంగతి గుర్తుపెట్టుకో: చాలా 160 బళ్ళలో అది ముందు చక్రానికి మాత్రమే ఉంటుంది, పైగా బూడిద మీద లేని పట్టుని ఏబీఎస్ కూడా పుట్టించలేదు. డబ్బు సరిపోకపోతే అప్పు చేసి 160 కొనకు. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉన్న 125 కొని, మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్, గ్లోవ్స్ తీసుకో.

హెల్మెట్ గడ్డం దాకా మూసేది, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అని ఉన్నది చూడు. అద్దం తెల్లదే. నల్ల అద్దం పగలు బాగుంటుంది, బీ షిఫ్టు వదిలాక అదే శత్రువు. బూడిద పడిన అద్దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, ఆ గీతల్లో ఎదురు లైటు పడితే నక్షత్రాలు కనపడతాయి. నీళ్ళు పోసి కడుగు. హెల్మెట్ లేకపోతే ఫైన్ 1,000 రూపాయలు, లైసెన్స్ మూడు నెలలు పోయే వీలు కూడా చట్టంలో ఉంది.

సర్వీసింగ్ గురించి రెండే మాటలు. చైన్‌కి నూనె ఎక్కువ పోస్తే మంచిది అనుకుంటారు. మన దారిలో నూనెకి బూడిద అంటుకుని అది ఆకురాయి పనిచేస్తుంది, చైన్ స్ప్రాకెట్ త్వరగా అరిగిపోతాయి. పదిరోజులకి ఒకసారి ఇంజిన్ ఆపి, మెయిన్ స్టాండ్ వేసి, చక్రం చేత్తో తిప్పుతూ గుడ్డతో తుడిచి, 90 నంబర్ ఆయిల్ చుక్కలుగా వేసి, పైకి కనపడే నూనె మళ్ళీ తుడిచెయ్యి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి గుడ్డ పెట్టకు, మా షిఫ్టులో ఒకతనికి వేలి కొస పోయింది. ఎయిర్ ఫిల్టర్ కంపెనీ చెప్పిన కిలోమీటర్లలో సగానికే మార్చు. టైరు గాలి వారానికి ఒకసారి, బండి తియ్యకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత గాలి అన్నది బండి మీద స్టిక్కర్‌లోనే ఉంటుంది. మెకానిక్ అందరికీ ఒకే అంకె కొడతాడు.

మే నెలలో బీ షిఫ్టుకి 12:30కి బయలుదేరాలి. కడప ఎండ నీకు నేను చెప్పేదేముంది. తలకి తడిపిన పల్చటి తువ్వాల చుట్టి దాని మీద హెల్మెట్, నిండు చేతుల చొక్కా, బయలుదేరే ముందు ఉప్పేసిన మజ్జిగ. కమలాపురంలో ఒకసారి ఆగి నీళ్ళు తాగు. తల తిమ్మిరిగా ఉండి చెమట ఆగిపోయిందంటే ఆ రోజు డ్యూటీ మర్చిపో, నీడలో కూర్చుని 108కి ఫోన్ చెయ్యి.

కాగితాల సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా. కొత్త బండికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఎలాగూ కట్టించుకుంటారు. అది నువ్వు గుద్దిన వాళ్ళకి, నీకు కాదు. నీకోసం 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ అడిగి రాయించుకో. నీ జీతం 21,000 లోపు ఉండి అందులోంచి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోసుకుంటుంటే, ఇంటి నుంచి డ్యూటీకి, డ్యూటీ నుంచి ఇంటికి వచ్చే దారిలో ప్రమాదం జరిగినా అది పనిలో జరిగినట్టే లెక్క. ఈఎస్ఐ చట్టంలో 2010 సవరణతో 51ఇ అనే సెక్షన్ అలా చేర్చారు. టైముకీ దారికీ డ్యూటీతో సంబంధం చూపించాలి. అందుకే దారి మార్చి ఎక్కడెక్కడో తిరిగి రాకు. నా కాలర్‌బోన్ అప్పుడు ఈ సంగతి తెలియక ఆస్పత్రి బిల్లు మొత్తం నేనే కట్టుకున్నాను.

దారి మీద ఎప్పుడూ నమ్మకం పెట్టుకోకు కూడా. 2021 నవంబర్ వరదలకి, నేను పదిహేనేళ్ళు కళ్ళు మూసుకుని దాటిన ఆ పాపాఘ్ని వంతెనే కూలిపోయింది. గట్టివాన పడిన రాత్రి తర్వాత, అటువైపు నుంచి వచ్చిన వాళ్ళని ఒకరినైనా అడిగి బయలుదేరు.

అమ్మ సంగతి. వద్దంటోంది అన్నావు, ఎందుకో అడిగావా? మా ఆవిడని నేను అడగలేదు. కాలర్‌బోన్ అతుక్కున్నాక తనే చెప్పింది. గేటు దగ్గర నుంచి "బయలుదేరుతున్నా" అని నేను ఫోన్ చేసిన నిమిషం నుంచి తను గడియారం చూస్తూ కూర్చునేదట. గంటకి ఐదు నిమిషాలు దాటితే వీధిలోకి వచ్చి నిలబడేదట. అది నాకు తెలియదు గానీ, తను చూస్తుంటుందని ఎక్కడో తెలిసే నేను దారిలో తొందరపడేవాణ్ణి. ఆ తర్వాత నుంచి బయలుదేరేటప్పుడు చెప్పడం మానేశాను. కమలాపురంలో ఆగి టీ తాగుతూ ఒక ఫోన్, ఇంటికి వస్తే ఇంక ఫోన్ ఎందుకు. అమ్మతో కూర్చుని ఇలాంటిదేదో ఒకటి మాట్లాడుకో. సీ షిఫ్టుకి బండి తియ్యను అన్న మాట కూడా ముందు ఆవిడకే ఇవ్వు. సగం ఒప్పుకుంటుంది.

రంగు ఒకటి మిగిలింది. నల్లది బాగుంటుందా ఎర్రది బాగుంటుందా అన్నావు. నీకు నచ్చింది తీసుకో. ఫ్యాక్టరీ స్టాండులో నెల తిరిగేసరికి అన్ని బళ్ళూ ఒకటే రంగు, నీది ఏదో నంబర్ ప్లేటు తుడిచి చూసుకోవాల్సిందే.